మా బిడ్డ సీమపందిని పోటీకి పెంచుత అంటుంది, అసలు జాతి పిల్లను ఎట్ల గుర్తుపట్టాలె?

నర్సంపేట సైడు రైతు:

అందరికి నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, పొలంల ఒక మూలకు షెడ్డు ఏసి సీమపందులు పెంచుతున్నం. అన్ని తెల్లయే, మాకు అమ్మినాయన యార్క్‌షైర్ అన్నడు మేం గూడ గదే పేరు చెప్పుకుంట వస్తున్నం. అమ్మకం అంత కిలోల లెక్కనే, బండి వస్తది, తూకం ఏస్తరు, తీస్కపోతరు, జాతి గురించి అడిగినోడు ఇప్పటిదాక ఎవ్వడు లేడు. ఇప్పుడు సంగతేందంటే మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, చిన్నప్పటి సంది షెడ్డులనే తిరిగింది, పిల్లలు ఈనేటప్పుడు రాత్రంత నాతోటి కూసుంటది. ఫోన్‌ల అమెరికా పిల్లల వీడియోలు చూస్తది, అక్కడ పదేండ్ల పిల్లలు గూడ చేతుల సన్న కట్టె పట్టుకోని పందిని గ్రౌండ్‌ల నడిపిస్తరు, జడ్జి చూసి రిబ్బన్ ఇస్తడు. అది చూసినకాడ్నుంచి నాయినా నాకొక మంచి జాతి పిల్లను ఇప్పియ్యి, నేనే పెంచుత, లెక్కలన్ని నేనే రాస్త, మనకాడ గూడ గిట్ల పోటీ పెట్టమని అడుగుదం అంటుంది.

నాకు ఇప్పించాలనే ఉన్నది. చుట్టాలల్ల కొందరు ఆడపిల్లకు పందులేందిరా అంటున్నరు, వాళ్ళ మాట నేను పట్టించుకుంటలేను, ఆ పందుల పైసలతోనే కదా దాని ఫీజు కట్టేది. కాని నాకు నిజంగ తెల్వనియి ఉన్నయి. అసలైన యార్క్‌షైర్ అని ఎట్ల తెలుస్తది, మన తెలంగాణల పందులకు పోటీలు ఎక్కడన్న ఉన్నయా, పోటీ పందికి దాణా వేరే పెట్టాల్నా, సదువుకుంట చేసుకునే పనేనా ఇది. తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

రిటైర్డ్ పశువైద్యుడు, హన్మకొండ:

ముందుగా ఆ బిడ్డను మెచ్చుకోవాలె. తర్వాత మీ షెడ్డు సంగతి. తెల్లగా ఉన్నదల్లా యార్క్‌షైర్ కాదండి. లార్జ్ వైట్ యార్క్‌షైర్ ఇంగ్లండ్ జాతి, దాని చెవులు నిటారుగా నిలబడి ఉంటయి, ముఖం పక్కనుంచి చూస్తే నుదురు ముక్కు మధ్యల కొంచెం గుంట పడ్డట్టు ఉంటది. లాండ్రేస్ కూడా తెల్లదే, అది డెన్మార్క్ నుంచి వచ్చింది, చెవులు పెద్దగా ముందుకు కండ్ల మీదికి వాలి ఉంటయి, నడుము పొడుగు. ఈ రెండు కలిస్తే పుట్టే పిల్లలు కూడా తెల్లగనే పుడతయి, చెవులు మాత్రం అటూ ఇటూ కాకుండా సగం వాలి ఉంటయి. మీ పందుల ఫొటో ఎదురుంగ తీసి ఒక్కసారి చెవులు చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతది. మిగతా జాతులు గుర్తుపట్టుడు సులువే, డ్యూరాక్ ఎర్రగా ఉంటది, హ్యాంప్‌షైర్ నల్లగా ఉండి భుజాల మీద తెల్ల పట్టీ, బెర్క్‌షైర్ నల్లగా ఉండి నాలుగు కాళ్ళు, మూతి, తోక కొన మాత్రం తెలుపు.

కానీ రూపం చూసి జాతి పూర్తిగా చెప్పలేం. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్ళ తల్లిదండ్రులెవరు అని రాసిపెట్టిన రికార్డు ఉంటేనే అది ప్యూర్ బ్రీడ్. రికార్డు లేని పంది ఎంత అందంగా ఉన్నా అది మంచి పంది, అంతే. దీనికోసమే పుట్టిన ఒకటి రెండు రోజుల్లనే చెవులకు గాట్లు పెడతరు. ఒక్కసారి ఈనిన పిల్లలన్ని కలిపి ఒక ఈత, కుడి చెవి గాట్లు అది ఆ ఫారంల ఎన్నో ఈతల పుట్టిందో చెప్తయి, ఎడమ చెవి గాట్లు ఆ ఈతల అది ఎన్నో పిల్లనో చెప్తయి. గాటు పెట్టిన చోటును బట్టి విలువ 1, 3, 9, 27 అని మారతది, కుడి చెవి కొనల పెడితే 81. ఉదాహరణకు కుడి చెవికి ఒక 9, ఒక 3, రెండు 1లు ఉంటే అది 14వ ఈత, ఎడమ చెవికి ఒక 3, రెండు 1లు ఉంటే ఆ ఈతల 5వ పిల్ల. ట్యాగు ఊడిపోవచ్చు గాని ఈ గాటు చచ్చేదాకా ఉంటది. బైపీసీ చదివే పిల్లకు పది నిమిషాల్ల వస్తది.

ఇంకొకటి, ఇది మన దగ్గర బాగా జరుగుతున్న తప్పు కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఒకే పోతును ఏండ్ల తరబడి ఉంచి, దాని కూతుర్లనే మళ్ళీ దానికి దాటిస్తరు. తండ్రీ కూతుర్లను కలిపితే పుట్టే పిల్లల్ల దగ్గరి రక్తం కలిసిన లెక్క (ఇన్‌బ్రీడింగ్) 25 శాతం, అన్నాచెల్లెండ్లను కలిపినా అంతే. ఈతకు పిల్లల సంఖ్య తగ్గుతది, బొడ్డు దగ్గర వాపులు, పుట్టంగనే చనిపోవుడు పెరుగుతది, రైతేమో దాణా మీద తప్పు వేస్తడు. రికార్డు ఉంటే ఈ ప్రమాదం ముందే కనిపిస్తది.

పిల్లను ఎంచుకునేటప్పుడు వెల్లకిల పండబెట్టి చన్నులు లెక్కపెట్టండి, ఒక్కో దిక్కు ఆరు తక్కువ కాకుండా ఉండాలె, లోపలికి పోయిన చన్ను ఉంటే వద్దు. గట్టి నేల మీద నడిపించి కాళ్ళు చూడండి, గిట్టల వేళ్ళు రెండూ సమానంగ ఉండాలె. కొనేది ప్రభుత్వ, యూనివర్సిటీ ఫారాల దగ్గర్నుంచి అయితే పుట్టుక కాగితం దొరుకుతది. కేరళల మన్నుత్తి, తమిళనాడుల కాట్టుపాక్కం, అస్సాంల గువాహటి దగ్గర రాణిల ఉన్న ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) వాళ్ళ పంది పరిశోధనా కేంద్రం, మనకు దగ్గర్ల తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ. తిరుపతి వాళ్ళ టీ-17 రకం గురించి కూడా అడగండి, అది 75 శాతం యార్క్‌షైర్, 25 శాతం నాటు. ప్యూర్ కాదు గాని మన వాతావరణంల రైతుకు పైసలు మిగిలించేది అట్లాంటిదే. పోటీకి ఒకటి, బతుకుదెరువుకు ఒకటి అనుకోండి.

ఒహాయో నుంచి, సొంతూరు వరంగల్:

అన్నా మీ పోస్ట్ చూసి ఆగలేకపోయిన, మా ఇద్దరు పిల్లలు ఇక్కడ ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘంల పందులే పెంచుతరు. ఈ ఫోర్-హెచ్ మొదలైందే ఇక్కడ, 1902ల ఒహాయో క్లార్క్ కౌంటీల పెట్టిన పిల్లల క్లబ్బుతోని. స్కూళ్ళల్ల వ్యవసాయం చదివేటోళ్ళకు ఎఫ్ఎఫ్ఏ అని ఇంకొకటి, అది 1928ల కాన్సస్ సిటీల పుట్టింది. పద్ధతి ఏందంటే ఎండాకాలం ముందు రెండు నెలల పిల్లను కొంటరు, ఊరి ఫెయిర్ (మేళా) అయ్యే నాటికి దానికి ఆరు నెలలు వస్తది, 115 నుంచి 125 కిలోలు ఉంటది. అప్పటిదాక దాణా పెట్టుడు, కొట్టం కడుగుడు, బరువు చూసుడు, ఖర్చు రాసుడు అన్ని పిల్లలే చెయ్యాలె, పెద్దోళ్ళు చేసినట్టు తెలిస్తే పరువు పోతది.

వీడియోలల్ల కనిపించనిది చెప్తా. పోటీలు మూడు రకాలు. బ్రీడింగ్ క్లాసు ఉంటది, దాంట్లకు ఎక్కువగ రిజిస్టర్ అయిన ప్యూర్ బ్రీడ్ పందులే వస్తయి, ఇక్కడ యార్క్‌షైర్, డ్యూరాక్, హ్యాంప్‌షైర్, లాండ్రేస్ నాలుగింటికి నేషనల్ స్వైన్ రిజిస్ట్రీ పుస్తకం నడుపుతది. మార్కెట్ క్లాసుల కండ ఎట్లుంది కొవ్వు ఎట్లుంది అని చూస్తరు, దాంట్ల క్రాస్ పందులే ఎక్కువ. మూడోది షోమన్‌షిప్. ఇది నాకు చాల ఇష్టం, ఎందుకంటే దీంట్ల మార్కులు పందికి కాదు పిల్లకు. పందికి తాడు ఉండదు, మెడకు పట్టీ ఉండదు, చేతుల సన్న కట్టె ఒక్కటే. పంది ఎప్పుడు జడ్జికి పిల్లకు నడుమ ఉండాలె, తల ఎత్తి నడవాలె, పిల్ల కండ్లు జడ్జి మీద ఉండాలె. కొట్టకూడదు, దవడ పక్కన తాకిస్తే అది రెండో దిక్కు తిరుగుతది, భుజం ఎనక తాకిస్తే ముందుకు పోతది, అంతే. జడ్జి దగ్గరికి వచ్చి దీని దాణాల ప్రోటీన్ ఎంత, ఈ గాట్లు చదువు, ఈ పందిల నువ్వు మార్చాలనుకునేది ఏంది అని అడుగుతడు. పోయినేడు మా పెద్దోడు నడక గురించి, ఎనక కాళ్ళ గురించి జడ్జికి చెప్తుంటే నేను పక్కన నిలబడి విన్న, డాక్టర్ చెప్పినట్టు చెప్పిండు.

రోజు పొద్దుగాల చల్లగున్నప్పుడు కొద్దిసేపు నడిపిస్తే చాలు, మొదట్ల కొట్టంల కూసోని చేతితోని రుద్దుడే పని, దానికి నీ వాసన అలవాటు కావాలె.

ఒక మాట మాత్రం మీ బిడ్డతోని ముందే మాట్లాడండి. ఇక్కడ ఫెయిర్ అయినంక మార్కెట్ పందిని వేలం వేస్తరు, అది కోతకే పోతది. ఆ పైసలు పిల్లల కాలేజీకి దాస్తరు. ఎంత ముందు చెప్పినా ఆ రోజు పిల్లలు ఏడుస్తరు, మా ఇంట్ల గూడ ఏడ్చిండ్రు. మీరు ఆడ పందిపిల్లను బ్రీడింగ్ క్లాసుకు పెంచితే అది తల్లి పంది అయి మీ షెడ్డులనే ఉంటది, మొదటిసారికి అది మంచిదని నా అభిప్రాయం.

నర్సంపేట సైడు రైతు:

డాక్టర్ సార్ మీరు చెప్పినట్టు చెవులు చూసినం, సగం వాలే ఉన్నయి. అంటే మావి కలిసినయే. ఒహాయో అక్కా నీకు గూడ మస్తు థ్యాంక్స్, మా బిడ్డ నీ పోస్ట్ నోట్‌బుక్‌ల రాసుకుంది. మరి ఇక్కడ పోటీ సంగతి ఎవరికన్న తెలుసా?

ఎరుకల వాడ బిడ్డ, వరంగల్:

అన్నా నేను డిగ్రీ చదువుతున్న, మేం ఎరుకలోళ్ళం, పందులు మాకు తాతముత్తాతల కాలం నుంచి ఉన్నయి. మీ బిడ్డ గురించి చదువుతుంటే చాల సంతోషం అయింది, ఎందుకంటే మా వాడల పిల్లలు స్కూల్ల మా ఇంట్ల పందులు ఉన్నయి అని చెప్పుకోరు, దాచుకుంటరు. గేదెలకు ఇట్ల లేదు కదా, హైదరాబాద్ల సదర్ పండుగ నాడు దున్నపోతులకు దండలేసి రోడ్డు మీద నడిపిస్తరు, అందరు చూడనీకి పోతరు. ఎడ్లకు, గొర్లకు మేళాలు ఉంటయి, లేగదూడల పోటీలు ఉంటయి. పందికి మాత్రం ఆ గౌరవం ఎవ్వరు ఇయ్యలేదు. అందుకే పోటీ పెట్టమని అడుగుడు మంచిగనే ఉన్నది గాని ఒక్క తెల్ల పందులకే పెడితే మా వాడ పిల్లలు మళ్ళా గోడ అవతలనే నిలబడి చూస్తరు. నాటు పందికి వేరే క్లాసు పెట్టమని అడగండి.

నాటు పంది తక్కువదేం కాదు. నల్ల తోలు కాబట్టి ఎండకు కాలదు, దొరికింది తిని బతుకుతది, ఈనే ముందు తనే గడ్డి తెచ్చుకోని గూడు కట్టుకుంటది. పిల్లలు తక్కువ పెడతది, మెల్లగ పెరుగుతది, అది నిజమే. మా అవ్వ పంది నడక చూసి ఇది ఎదకు వచ్చింది అని చెప్పేది, నడుము మీద చెయ్యి పెట్టి ఒత్తితే కదలకుండ నిలబడితే అప్పుడు పోతును వదలమనేది. పుస్తకాల గూడ గదే రాసి ఉన్నదని నాకు తర్వాత తెలిసింది. దేశంల నాటు జాతులను గూడ రిజిస్టర్ చేస్తున్నరు, కర్నాల్ల ఎన్‌బీఏజీఆర్ అని పశువుల జాతులను నమోదు చేసే కేంద్ర సంస్థ ఉన్నది, బెంగాల్ ఘుంగ్రూ, మేఘాలయ నియాంగ్ మేఘా, మిజోరం జోవాక్ అట్ల లిస్టుల ఎక్కినయి. మన దగ్గరి నల్ల పందుల కొలతలు, ఈతలు రాసిపెట్టేటోళ్ళు ఉంటే రేపు మనయి గూడ అడగొచ్చు. ఆ రాసే పని పిల్లలు చెయ్యగలరు.

ఇంకోటి గూడ చెప్పాలె, ఊర్ల మీద వదిలేసిన పందులతోని రోగం ఉన్నది, మనిషి మలం తిన్న పందిల బద్దెపురుగు గుడ్లు పొక్కులైతయి, ఆ మాంసం సరిగ ఉడకక తింటే మనకు పురుగు ఎక్కుతది, ఆ పురుగు గుడ్లు మన చేతులకంటి నోట్లెకు పోతే మెదడుదాక పోయి ఫిట్స్ వస్తయి. మా వాడల గూడ ఇప్పుడు చాల మంది కట్టేసే పెంచుతున్నరు. పోటీ పెడితే కొట్టంల పెరిగిన పందులకే అని రూల్ పెట్టాలె, అప్పుడు మిగతావాళ్ళు గూడ కొట్టం కడతరు.

జమ్మికుంట ఫారం:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. నేను దాణా, ఎండ గురించి చెప్తా, ఎందుకంటే జాతి పంది తెచ్చి మే నెలల చంపుకున్నోళ్ళను చూసిన. పందికి చెమట పట్టదు. తెల్ల పందికి ఎండ తగిలితే తోలు ఎర్రగై పొలుసులు లేస్తది. మన దగ్గర 43, 44 డిగ్రీలు పోతది, అప్పుడు రేకుల షెడ్డు కింద ఉంచితే పొయ్యి మీద పెట్టినట్టే, పైన గడ్డి కప్పాలె, మధ్యాహ్నం నీళ్ళు చల్లాలె, తాగే నీళ్ళ పైపు ఎండల ఉంటే నీళ్ళు వేడెక్కి అవి తాగవు, పైపును భూమిల పాతాలె. పిల్లలకు పాలిచ్చే తల్లికి రోజుకు 20 లీటర్ల పైన నీళ్ళు కావాలె. పోతు పందికి గట్టిగ వడదెబ్బ కొడితే నెలన్నర దాక దాటించినా కడుపు నిలవదు, రైతు ఏమో ఆడపందిని తప్పు పడతడు.

దాణాకు మనకేం కొదవ, మక్కలు, తవుడు, నూకలు, సోయా చెక్క, ఉప్పు, ఖనిజ లవణాలు. చిన్న పిల్లకు ప్రోటీన్ 20 శాతం పైన, నడిమి వయసుకు 18, పెద్దయినంక 16 సరిపోతది. కానీ మక్కల విషయంల జాగ్రత్త, వానకు తడిసి గులాబీ రంగు బూజు పట్టిన మక్కలు అగ్గువకు దొరుకుతయి, అవి పెడితే మూడు నాలుగు నెలల ఆడ పందిపిల్లలకు గూడ ఎదకు వచ్చినట్టు వాపు వస్తది, తర్వాత కడుపు నిలవదు. బూజుల ఉండే విషం అట్ల చేస్తది. బ్రీడింగ్ క్లాసుకు పెంచే పిల్లకు అసలు పెట్టొద్దు.

హోటల్ మిగులు కూడా పోటీ పందికి వద్దు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020ల అస్సాం, అరుణాచల్‌ల పడ్డకాడ్నుంచి దేశంల తిరుగుతనే ఉన్నది, మనుషులకు రాదు గాని పందికి వస్తే వైద్యం లేదు, మాంసం ముక్కలు కలిసిన ఎంగిలి కూడుతోని గూడ వస్తది. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉన్నది, అది వేయించుండ్రి. కొత్త పిల్ల తెస్తే కనీసం నెల రోజులు మీ షెడ్డుకు దూరంగ వేరే కొట్టంల పెట్టాలె, ముందు పాతవాటికి దాణా పెట్టి ఆఖరుకు దీని దగ్గరికి పోవాలె. ఇది మాత్రం తప్పొద్దు.

ఒహాయో నుంచి, సొంతూరు వరంగల్:

రోగం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2012ల ఇక్కడ ఫెయిర్లల్ల పందుల నుంచి పిల్లలకు ఫ్లూ అంటింది, ఇండియానా, ఒహాయోలనే ఎక్కువ, 300 మందికి పైగ. అప్పటి సంది పందులను ఫెయిర్ల 72 గంటలకు మించి ఉంచొద్దు అని చెప్తరు, కొట్టం దగ్గర తినుడు తాగుడు వద్దు, చేతులు కడగాలె, దగ్గుతున్న పందిని తెస్తే గేటు కాడనే వాపస్. మీరు అక్కడ పోటీ పెట్టిస్తే మొదటి ఏడు నుంచే ఇవి పెట్టండి. మందులు వేసినంక కోతకు పంపే ముందు ఎన్ని రోజులు ఆగాల్నో గూడ పిల్లలే రాయాలె.

నర్సంపేట సైడు రైతు (బిడ్డ టైప్ చేస్తున్న):

అందరికి నమస్కారం, నేనే ఆ పిల్లను, నాయిన ఫోన్ నుంచి రాస్తున్న. ఎరుకల వాడ అక్కా మీరు చెప్పిన నాటు పంది క్లాసు నాకు తట్టనే లేదు, తప్పకుండ అడుగుత. డాక్టర్ సార్ నాకు రెండు డౌట్లు ఉన్నయి. పిల్లను ఎప్పుడు తెచ్చుకోవాలె, మార్చిల నాకు పరీక్షలు ఉంటయి, అవి అయినంక తెస్తే ఎండాకాలం వస్తది. ఇంకోటి, ఒక్కటే పిల్లను పెంచితే అది బెంగ పెట్టుకుంటదా? నాకు ఒకదానికే పైసలు ఉన్నయి, మిగిలినయి నాయిన పెడతా అంటున్నడు.

రిటైర్డ్ పశువైద్యుడు, హన్మకొండ:

మంచి ప్రశ్నలు బిడ్డా. ఎండల దూరం నుంచి పిల్లను తేవద్దు. ఆగస్టు, సెప్టెంబర్‌ల పాలు మరిచిన రెండు నెలల పిల్లను తెచ్చుకో, రాత్రి ప్రయాణం పెట్టుకో, సంక్రాంతి నాటికి ఆరు నెలలు దాటతది, అప్పుడు చల్లగా ఉంటది, పోటీ అయినంక పరీక్షలకు చదువుకోవచ్చు. పంది మందల బతికే జంతువు, ఒక్కటే ఉంటే తినదు, అరుస్తది. ఒకే ఈతల రెండు ఆడపిల్లలను తెచ్చుకో. రెంటికి వేరువేరు పేజీలు పెట్టు, వారానికి ఒకసారి బరువు, రోజూ దాణా, టీకా, పురుగు మందు, ఖర్చు. ఆరు నెలలకు దేని పెరుగుదల బాగుందో నీ పుస్తకమే చెప్తది, దాన్ని పోటీకి తీస్కపో. రెండోది కూడా వృథా కాదు, ఎనిమిది నెలలకు కట్టిస్తే 114 రోజులకు ఈనుతది, మీ నాయినకు కొత్త రక్తం వచ్చినట్టే. పోతు మాత్రం వేరే ఫారం నుంచి వేరే రక్తం తెచ్చుకోవాలె, ఈ రెంటికి అన్నదమ్ముడు కానిది.

పోటీ సంగతి. మామునూరుల కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది, పక్కనే వెటర్నరీ కాలేజీ ఉన్నది, రెండూ పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కిందవే. పెద్దగ రాష్ట్ర స్థాయి పోటీ అని మొదలే అడగకండి, కిసాన్ మేళా పెట్టినప్పుడు ఒక పూట పందుల ప్రదర్శనకు ఇవ్వమని అడగండి. జడ్జీలుగా కాలేజీ వాళ్ళే ఉంటరు, అక్కడి విద్యార్థులకు కూడా నేర్చుకున్నట్టు అవుతది. కావాలంటే నేను మీతోని వస్తా.

జమ్మికుంట ఫారం:

నేను గూడ వస్తా, మా దిక్కు నుంచి పోటీకి క్రాస్ పందులు తెచ్చేటోళ్ళు ఉన్నరు. ఈ బిడ్డకు ఇప్పుడు పెద్ద ఫారం సబ్సిడీలతోని పని లేదు. రెండు పిల్లలు, ఒక నోట్‌బుక్కు, ఒక తూకం కాంటా చాలు.

ఎరుకల వాడ బిడ్డ, వరంగల్:

చెల్లే, నువ్వు అప్లికేషన్ల మూడు క్లాసులు రాయి, ప్యూర్ జాతి, క్రాస్, నాటు. పిల్లల వయసు ఎనిమిది నుంచి పద్దెనిమిది అని పెట్టు, మా వాడల ఆ వయసు పిల్లలను నేను అడిగి పేర్లు తెస్తా. పందిని కొట్టి నడిపిస్తే పోటీల నుంచి తీసేస్తమని గూడ రాయి. మామునూరు ఎప్పుడు పోతరో ఇక్కడ చెప్పు, నాకు గురువారం కాలేజీ ఉండదు.

నర్సంపేట సైడు రైతు:

నేను బిడ్డనే రాస్తున్న, గురువారమే పోదం అక్కా. నాయిన బండి తీస్తా అన్నడు, పొద్దుగాల పదింటికి మామునూరు గేటు కాడ కలుస్తం. డాక్టర్ సార్‌ను హన్మకొండల ఎక్కించుకుంటం.